అద్దం మీద చుక్క

జీరో బొమ్మ విమానం కిట్టులో కాక్‌పిట్ అద్దం కోసమని సన్నటి పసుపు టేపు ముక్కలు కూడా ఇస్తారు. గాజు గళ్ళ మీద వాటిని అంటించి రంగు వేసి, ఆరాక పీకేస్తే, గళ్ళ మధ్యనుండే చట్రాలకి మాత్రమే రంగు మిగులుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కూడా చెడగొట్టలేని పని. డాక్టర్ సిద్ధార్థ ఆదివారం పొద్దున్నే ఆ టేపు షీటుని మడిచి చెత్తబుట్టలో పడేశాడు. ఈసారి చట్రాలన్నీ టేపు లేకుండా, ఉత్త చేత్తో గీయాలని నిర్ణయించుకున్నాడు.

సరదాకి తీసుకున్న నిర్ణయం కాదది. గురువారం అతను జ్ఞానేశ్వరి పిన్ని కంట్లో శుక్లం తియ్యాలి. ఆలోగా తన కుడిచెయ్యి నమ్మదగిందో కాదో తేల్చుకోవాలి. తోటి డాక్టర్లు ఎవరినైనా అడగచ్చు. అడిగితే ఆ మాట సాయంత్రానికల్లా సూర్యారావుపేటలో ఉన్న ఆస్పత్రులన్నీ తిరిగొస్తుంది. ప్లాస్టిక్ విమానానికి ఆ జబ్బు లేదు.

జీరో అంటే రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్ళు నడిపిన ఫైటర్. అరచెయ్యి దాటి కాస్త పొడుగుండే ఈ బొమ్మని అతను హైదరాబాదులో కొన్నాడు. కాలేజీ రోజుల నుంచీ ఇలాంటివి చేస్తూనే ఉన్నాడు, కానీ ఇంతవరకూ జీరో జోలికి పోలేదు. దాని అద్దం మిగతా విమానాల అద్దాల్లా రెండు మూడు పలకలతో ఊరుకోదు. పొడవాటి గాజు బుడగ, దాని నిండా కిటికీల్లాంటి గళ్ళు, గళ్ళ మధ్య దారప్పోగుల్లాంటి చట్రాలు. చెయ్యి ఏమాత్రం అదిరినా రంగు గాజు మీదికి వచ్చేస్తుంది. ఒంట్లో వణుకుంటే దాచుకోవడానికి ఎక్కడా చోటు ఉండదు.

ఒళ్ళు అతికించడం, అతుకుల మీద గరుకు కాగితం పెట్టి రుద్దడం, బూడిద రంగు కొట్టడం ముందు వారమే అయిపోయాయి. ఆ ఆదివారం రెక్కల మీద ఎర్రటి గుండ్రాలు అంటించాడు. నీళ్ళలో నానేసిన స్టిక్కరుని పట్టకారుతో కాగితం మీంచి జార్చి, దూదిపుల్లతో కింది తడి ఒత్తేశాడు. బయట ముసురు పట్టింది. ఏదీ ఒక పట్టాన ఆరడం లేదు.

పిన్ని కాఫీ పట్టుకుని గోడ తడుముకుంటూ వచ్చింది. చల్లపల్లి హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. రెండు కళ్ళకీ పొర కమ్మినా ఒకరి చెయ్యి పట్టుకు నడవడం ఆమెకి నామోషీ. సిద్ధార్థ భార్య మనోజ్ఞ ఆఫీసు పని మీద విశాఖపట్నం వెళ్ళడంతో వంటిల్లు కూడా తనే పుచ్చుకుంది. నా కన్ను నువ్వు తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోనని సిద్ధార్థతో ముందే ఒట్టు వేయించుకుంది. విమానాన్ని ముక్కు దగ్గరికి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"రెక్కకి బొట్టు కూడా పెట్టావే," అంది.

అది బొట్టు కాదనీ, సూర్యుడనీ, జపాన్ వాళ్ళ గుర్తనీ చెప్పాడు. సూర్యుడే కావచ్చు గాని, ఎర్రగా గుండ్రంగా పెడితే మనింట్లో దాన్ని బొట్టే అంటారని ఆమె తేల్చేసింది. మామూలుగా అయితే అతను నవ్వేవాడే. ఆమె చేతిలోంచి విమానం అందుకుంటున్న తన వేళ్ళకేసి చూసుకుంటున్నాడు. అవి నిలకడగానే ఉన్నాయి. ఇప్పుడు ఉన్నాయి, అంతే. ఆ రోజు కూడా పొద్దున్న ఇలాగే ఉన్నాయి.

సోమవారం ఓపీలో బసవయ్య వచ్చాడు. కంకిపాడు అవతల పల్లెటూరి రైతు. పోయిన నెల సిద్ధార్థ అతని కుడికంటికి ఆపరేషన్ చేశాడు. కంటి లెన్సుకి వెనక పల్చటి పొర ఉంటుంది, ఉల్లిపొర దాని ముందు దుప్పటి కింద లెక్క. ఆపరేషన్ చివర్లో ఆ పొర చిరిగింది. మరో డాక్టరు వచ్చి లోపలంతా శుభ్రం చేసి వేరే లెన్సు అమర్చాల్సి వచ్చింది. చూపైతే దక్కింది గాని రావాల్సినంత రాలేదు. బసవయ్య ఇప్పుడు బోర్డు మీద పెద్ద అక్షరాలు చదివి, చిన్నవాటి దగ్గర ఆగిపోయాడు. ఆగిపోయినందుకు తనే తప్పు చేసినట్టు మొహం పెట్టాడు.

పరీక్షంతా అయ్యాక లేస్తూ, "ఆ నర్సమ్మని ఆపరేషన్ గదిలోంచి తీసేశారంట గదండీ," అన్నాడు. "పోన్లెండి, పాపం. కావాలని చేసిందా ఏంటి."

సిద్ధార్థ చుక్కల మందు పేరు చీటీ మీద రాస్తున్నాడు. అప్పటికే రాసిన పేరే మళ్ళీ రాశాడు.

ఆ నర్సు పేరు మార్త. ఆపరేషన్ బల్ల దగ్గర అతనికి ఏళ్ళ తరబడి పనిముట్లు అందించింది. ఆ రోజు కంట్లో పెట్టిన సూది మొన చటుక్కున ముందుకి పోయి పొర చిరిగిన క్షణంలో, "మైక్రోస్కోప్ ఎవరు కదిపారు?" అని అరిచాడు సిద్ధార్థ. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది. కన్నుని పెద్దది చేసి చూపించే ఆ యంత్రం పక్కనున్నది మార్త ఒక్కతే కాబట్టి అందరూ ఆమెనే చూశారు. నా చెయ్యి తగల్లేదు సార్ అందామె, ఒకే ఒక్కసారి. బసవయ్య కొడుకు వచ్చి గొడవ చేసినప్పుడు ఆస్పత్రికి ఏదో ఒక జవాబు కావాల్సొచ్చింది. జవాబు సిద్ధంగానే ఉంది. ఇప్పుడామె కింద హాల్లో, పరీక్షకి ముందు పేషెంట్ల కళ్ళలో మందు వేస్తోంది. అతను ఎదురైతే నమస్తే సార్ అంటుంది. ఆ నమస్తే తప్పించుకోవడానికి అతను ఈమధ్య వెనక మెట్ల మీంచి వెళ్తున్నాడు.

అద్దానికి చట్రాలు గీసే పని ఇందుకే పెట్టుకున్నాడు. గీత గాజు మీదికి రాకపోతే చెయ్యి బాగున్నట్టు. చెయ్యి బాగుంటే ఆ రోజు మైక్రోస్కోపే కదిలి ఉంటుంది. అంటే అతను అబద్ధం చెప్పలేదు. గీత తప్పితే సంగతి వేరు. ఇంత చదువుకున్న మనిషి తన నిజాయితీని ఒక కుంచె మొనకి అప్పజెప్పి కూర్చోవడం ఎవరికైనా నవ్వు తెప్పిస్తుంది. అతనికి మాత్రం రెండు రోజులుగా అన్నం కూడా సహించడం లేదు.

మంగళవారం సాయంత్రం పటమటలో ఫ్లాటుకి త్వరగా వచ్చేశాడు. బాల్కనీ పక్కన బల్ల వేసుకుని, దీపం దగ్గరికి లాక్కున్నాడు. అద్దాన్ని పళ్ళుకుట్టుకునే పుల్ల మీద జిగురు ముద్దతో నిలబెట్టాడు. చట్రాల లోపలివైపు నల్లగా కనపడాలి కాబట్టి మొదటి పూత నలుపు. అది ఆరాక పైన విమానం ఒంటి బూడిదరంగు. మూడు వెంట్రుకల కుంచె తీసుకుని రంగులో ముంచి, ఎక్కువైంది కాగితం మీద ఒత్తేసి, మణికట్టు బల్ల అంచున ఆనించాడు. ఆపరేషన్లో పేషెంటు నుదుటి మీద ఆనించేది కూడా ఇలాగే. ఊపిరి సగం వదిలి, అక్కడ ఆపి, గీత లాగాడు.

మొదటి చట్రం వచ్చింది. రెండోది వచ్చింది. భూతద్దం పెట్టుకుని చూడలేదు. మధ్యలో చూసుకుంటే ధైర్యమో భయమో ఏదో ఒకటి ఎక్కువై చెయ్యి పాడవుతుంది. నడి నెత్తిన పొడుగు గీతలు, పక్కలకి దిగే వంకర గీతలు, వెనకవైపు గుమ్మటం. మెడ వెనక చెమట కారుతోంది. తుడుచుకోవడానికి కూడా చెయ్యి తియ్యలేదు. నలుపంతా అయ్యాక ఆరేదాకా ఫ్యాను కింద పెట్టి, వంటింట్లోకి పోయి నిలబడే మంచినీళ్ళు తాగి, తిరిగొచ్చి బూడిదరంగు మొదలుపెట్టాడు. పిన్ని హాల్లోంచి ఏదో అడిగింది. ఊఁ అన్నాడు, ఏం అడిగిందో వినలేదు.

చివరి చట్రం ఎడమవైపు ముందు గడి పక్కన. కుంచె ఆనించి సగం లాగాడో లేదో, బల్ల మీద ఫోను గిలగిలా కొట్టుకుంది. గీత పూర్తిచేశాడు. పూర్తిచేశానని అనుకున్నాడు. కుంచె లేచేటప్పుడు వేళ్ళలో ఏదో చిన్న అదురు. ఉందా, ఉన్నట్టు అనిపించిందా?

ఆస్పత్రి ఫోను. పనిలో ఉండగా కంట్లో ఇనుప రజను పడ్డ మనిషి వచ్చాడు, త్వరగా రమ్మన్నారు. భూతద్దం చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఒక్క నిమిషం పట్టదు. చూస్తే తెలిసిపోతుంది, తెలిశాక ఊరుకోవడానికి ఉండదు. సిద్ధార్థ అద్దాన్ని విమానం మీద కూర్చోబెట్టి, దుమ్ము పడకుండా స్వీటు డబ్బా మూత బోర్లించి, చొక్కా వేసుకుని వెళ్ళిపోయాడు. తిరిగొచ్చాక కూడా ఆ గదిలో దీపం వెయ్యలేదు. పిరికితనమని తెలుసు. తెలిసే వెళ్ళి పడుకున్నాడు.

బుధవారం తెల్లారాక బాల్కనీ తలుపు తీసి మూత ఎత్తాడు. భూతద్దం అవసరమే లేకపోయింది. ఎడమవైపు ముందు గడి మీద, సరిగ్గా ఆ చివరి చట్రం పక్కన, నువ్వుగింజంత నల్లటి మరక. ఒక పక్కకి చెదిరి, గాజు మీదికి తోకలా సాగింది.

చేతులు వెనక్కి తీసేసుకున్నాడు. మరకని ముట్టుకోలేదు.  నెల రోజులుగా లోపల గట్టిగా పట్టుకుని వేలాడుతున్నదేదో వదిలేసినట్టు ఉంది. మూత మళ్ళీ బోర్లించి స్నానానికి వెళ్ళాడు.

డైరెక్టర్ రామ్మూర్తి గారు అతను చెప్పిందంతా కళ్ళజోడు తుడుచుకుంటూ విన్నారు. తన చెయ్యి వణుకుతోందనీ, బసవయ్య కేసులో జరిగింది అదే అయి ఉంటుందనీ, మార్త మీద పెట్టిన తప్పు తీసెయ్యమనీ, గురువారం కేసులు డాక్టర్ ఛాయాదేవి గారికి ఇవ్వమనీ అడిగాడు సిద్ధార్థ. వణుకుతోందని ఎవరన్నారని ఆయన అడిగారు. సిద్ధార్థ విమానం సంగతి చెప్పలేకపోయాడు. నాకే తెలిసిందన్నాడు.

"బసవయ్య కొడుకు చల్లబడ్డాడయ్యా," అన్నారాయన. "ఇప్పుడు నువ్వెళ్ళి తట్టి లేపుతానంటావు. నరాల డాక్టరుకి చూపించుకోకుండా, నీ అంతట నువ్వే తీర్పు చెప్పేసుకుంటే ఎలా? సాయంత్రం దాకా ఆలోచించుకుని ఫోన్ చెయ్యి. అప్పటిదాకా నువ్వేం అనలేదు, నేనేం వినలేదు."

వెనక మెట్ల మీంచే దిగి ఇంటికొచ్చేశాడు. దారిలో బందరు రోడ్డు మీద ఎక్కడ ఆగాడో, ఎక్కడ మలుపు తిరిగాడో అతనికి గుర్తులేదు. పిన్నికి రేపు ఆపరేషన్ ఛాయాదేవి గారు చేస్తారని చెప్పాలి. ఆమె ఎందుకని అడుగుతుంది. సమాధానం వెతుక్కుంటూ బల్ల ముందు కూర్చుని మూత తీశాడు. మరకైనా తుడుద్దామని దూదికి థిన్నరు అద్ది, ఎంతవరకు ఆరిందో చూడటానికి బొటనవేలి గోటితో మెల్లగా తాకాడు.

అది ఆరలేదు. ఒక రాత్రీ, సగం పగలూ గడిచాక ఎనామిల్ రంగు అలా జిడ్డుగా ఉండదు. పైగా ఆఖర్న వేసింది బూడిదరంగు, ఈ మరక నలుపు; పొద్దున్న ఆ సంగతే తట్టలేదు. వేలికి అంటుకుంది. వాసన చూశాడు. ఆముదం.

"పిన్నీ," అని పిలిచాడు. "దీన్ని ముట్టుకున్నావా?"

వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. దొరికిపోయిన మొహం కాదు, ఎందుకడుగుతున్నాడో అర్థంకాని మొహం. "నిన్న నువ్వెళ్ళాక చూశాను. ఎంత ముద్దుగా ఉందిరా. బొట్టు పెట్టినవాడివి దిష్టి చుక్క పెట్టకపోతే ఎలా? ఆ ముందు భాగం నున్నగా బుగ్గలా తగిలితే అక్కడ కాస్త కాటుక పెట్టాను. సరిగ్గా ఆనలేదు, చెదిరిందా?"

అతను దూదిపుల్లతో మరక తుడిచాడు. తోకతో సహా పోయింది. దాని కింద గాజు తళతళలాడుతూ ఉంది. భూతద్దం కంటికి పెట్టుకుని ముందు నుంచి వెనక్కి, గడి గడికీ చూశాడు. ఫోను మోగినప్పుడు గీసిన ఆఖరి చట్రంతో సహా ఒక్కటి తప్పలేదు. టేపు అంటించి వేసినా ఇంత శుభ్రంగా వచ్చేది కాదు.

గుండెల్లో సంతోషం గుప్పున లేచింది. ముందొచ్చింది సంతోషమే. చెయ్యి బాగుంది. పొద్దున్న డైరెక్టరు గారు వినలేదన్నారు. సాయంత్రం ఇంకా కాలేదు. ఒక్క ఫోను చేసి, ఏదో నిద్ర చాలక అలా అనిపించింది సార్, రేపటి కేసులు నేనే చేసుకుంటానంటే ఆయన ఊపిరి పీల్చుకుంటారు. పిన్నికి ఏమీ చెప్పక్కర్లేదు. మార్త కూడా కొత్తగా పోగొట్టుకునేది ఏమీ లేదు. ఎడమచెయ్యి అప్పటికే ఫోను మీద ఉంది. ఇంకొక్కసారి చూసుకుందామని భూతద్దంలోకి వంగాడు.

పిన్ని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది. అంచు సరిగ్గా ఆనక కాస్త గట్టిగానే పెట్టింది. బల్ల అదిరింది. భూతద్దంలో విమానం విమానమంతా ఒక్కసారిగా ఎగిరిపడింది. అద్దం, రెక్క, ఎర్ర గుండ్రం, కింద పరిచిన న్యూస్‌పేపర్లో అక్షరాలు, అన్నీ కలిసి కదిలి, కలిసే కుదురుకున్నాయి.

సిద్ధార్థ వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

మైక్రోస్కోప్ కదిలితే ఇలా కదులుతుంది. కళ్ళముందున్నదంతా కదులుతుంది. బసవయ్య కన్ను ఆ రోజు కదల్లేదు. నల్లగుడ్డు అక్కడే ఉంది, దీపం వెలుగు చుక్క అక్కడే ఉంది. సూది మొన ఒక్కటే ముందుకి పోయింది. వణుకు వల్లే పోయిందో, అలసట వల్లో, తొందర వల్లో, అది ఈ చట్రాలు చెప్పలేవు. మైక్రోస్కోప్ కదల్లేదన్నది మాత్రం అప్పుడే, అరవక ముందే, తనకి తెలుసు. నెల రోజులుగా అతను అడగాల్సిన ప్రశ్న వదిలేసి పక్కదానికి పరీక్ష పెట్టుకున్నాడు. 

పిన్ని అక్కడ ఉండగానే ఫోన్ చేశాడు. రామ్మూర్తి గారు ఆలోచించావా అన్నారు.

"పొద్దున్న నేను చెప్పింది వినండి సార్. అందులో ఒకటి మార్చుకోవాలి. తప్పు నాదే అయి ఉంటుందన్నాను. మార్త సిస్టర్ చెయ్యి తగల్లేదు. నాకు ఆ రోజే తెలుసు."

 చెయ్యి సంగతేమిటని అడిగారు. అది ఇంకా తేలలేదనీ, తేలేదాకా కత్తి పట్టననీ, రేపటి కేసులు ఛాయాదేవి గారికే ఇవ్వమనీ చెప్పాడు. బసవయ్య గారితో కూడా తనే మాట్లాడతానన్నాడు. ఆయన గట్టిగా నిట్టూర్చి, నీ ఇష్టం, దీని ఫలితం నువ్వే పడాలి అన్నారు.

ఫోను పెట్టేశాక పిన్ని కుర్చీ వెతుక్కుని కూర్చుంది. అంతా విన్నది. తన కాటుక వల్లేమైనా ముంచుకొచ్చిందా అని అడిగింది. లేదన్నాడు. మరి ఒట్టు సంగతేమిటని అడుగుతుందేమోనని చూశాడు. ఆమె చీర కొంగుతో బల్ల అంచునే తుడుస్తూ కూర్చుంది.

"ఆ ఛాయాదేవి చెయ్యి మంచిదేనా?" అంది చివరికి.

"నాకంటే నిదానం."

"సరేలే. నువ్వు తలుపు దగ్గరే ఉండు."

గురువారం ముందు మెట్ల మీంచే ఎక్కారు. హాల్లో బెంచీల నిండా జనం. గన్నవరం, ఉయ్యూరు, నూజివీడు వైపు నుంచి తొలి బస్సులకి వచ్చినవాళ్ళు. సిద్ధార్థ తెల్లకోటు వేసుకోలేదు. పిన్ని పక్కన, వెంటవచ్చినవాళ్ళు కూర్చునే చోటే కూర్చున్నాడు. మార్త వరసలో ఒక్కొక్కరి దగ్గరే ఆగుతూ వస్తోంది. తల వెనక్కి వాల్చమంటుంది, కింది రెప్ప వేలితో దించుతుంది, చుక్క వేస్తుంది, కళ్ళు మూసుకోమంటుంది. అతన్ని అక్కడ చూసి కాస్త తడబడింది. నమస్తే సార్ అంది. పిన్ని కంట్లో మందు వేసి దూది చేతికిచ్చింది.

అతను లేచి నిలబడ్డాడు. పక్కకి పిలిచి చెబుదామని వచ్చాడు. ఆ రోజు అన్నది అందరి ముందే కాబట్టి ఇక్కడే అనాలనిపించింది.

"సిస్టర్, బసవయ్య గారి ఆపరేషన్లో మైక్రోస్కోప్ కదల్లేదు. మీ చెయ్యి తగల్లేదు. తప్పు నాది. డైరెక్టరు గారికి చెప్పాను."

బెంచీ మీదివాళ్ళు తలలు తిప్పారు. మందు పడ్డ కళ్ళతో వాళ్ళకి ఎవరూ సరిగ్గా కనపడి ఉండరు. మార్త సీసాకి మూత పెట్టి, బిగించి, మళ్ళీ తీసింది. ఆమెకి కోపం వస్తుందనుకున్నాడు. ఏడుస్తుందేమోనని కూడా అనుకున్నాడు. రెంటికీ సిద్ధపడే వచ్చాడు.

"తగల్లేదా సార్?" అని అడిగింది.

నిజంగానే అడుగుతోంది. అతను లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మొదట్లో నేనూ అలాగే అనుకున్నాను సార్. కానీ అన్నది మీరు గదా. తగిలే ఉంటుంది, నాకే తెలీలేదని తర్వాత నేనే నమ్మేశాను. ఇంట్లో పిల్లలకి అన్నం వడ్డించేటప్పుడు కూడా మోచెయ్యి ఎక్కడుందో చూసుకుంటున్నాను సార్."

వరసలో తర్వాతి ముసలాయన అప్పటికే తల వాల్చుకుని కూర్చున్నాడు. మార్త అటు తిరిగి, ఏ కన్నని అడిగింది. కుడిదన్నాడాయన. కింది రెప్ప దించి, సీసా ఎత్తి, జాగ్రత్తగా చుక్క వేసింది. వేస్తున్నంతసేపూ ఆమె మోచెయ్యి పక్కటెముకలకి అదుముకునే ఉంది.